సభలో పిచికారీ

ఏళ్ల తరబడి పొలాల్లో పురుగుమందు కొట్టీ కొట్టీ మా అన్నయ్యకు వణుకుడు జబ్బు పట్టుకుంది. ఆ మందును ఆపించాలని సభ పెట్టి, అన్నయ్యనే ముందు వరసలో కూర్చోబెట్టాం.

“ఈ మందుతో ఏ జబ్బూ రాదండీ. పన్నీటి జల్లనుకోండి!” అన్నాడు మేం పిలిపించిన మందు కంపెనీ ఆఫీసరు, మైకు నమిలేస్తూ.

“అయితే తమరి మీద కాస్త చల్లుతానుండండి సార్!” అంటూ వెనకనుంచి లేచి, వీపుకు తగిలించుకున్న స్ప్రేయర్ గొట్టం వేదికవైపు ఎత్తి పిచికారీ చేశాను. ఆఫీసరు ఒక చెప్పు వదిలేసి మరీ కిటికీలోంచి దూకాడు. వచ్చినవాళ్లంతా క్షణంలో హాలు ఖాళీ చేశారు.

అన్నయ్య ఒక్కడే కుర్చీలో కదలకుండా ఉన్నాడు.

“ఉత్త నీళ్లేనని ఎలా పసిగట్టావన్నయ్యా?” అన్నాను, పగలబడి నవ్వుతూ.

“తెలీదురా. నేనూ పారిపోదామనే చూశాను. కాళ్లే మాట వినలేదు.”