ఐదో కణుపు

పక్కింటి పోలమ్మ గోడవతల నుంచి దాలమ్మకు చెప్పిన కబురేమిటంటే, కింద వీధి లోవన్న తొందరపడి లేత గంజాయి మొక్కను వంచబోతే అది పుటుక్కున విరిగిందట. ఆకు దొంగిలించాడని కంపెనీ కెమెరా తేల్చిందట. కోత అయ్యేదాకా ఆ ఇంటి తలుపు తెరుచుకోదట.

మందుల కంపెనీ కోసం కొండ మీద ప్రతి పెరట్లోనూ గంజాయి పెరుగుతున్న రోజులవి. గుబురుగా పెరగడానికి మొక్కలన్నీ వంచి కట్టాకే వీధి తలుపు దానంతటది తెరుచుకుంటుంది.

దాలమ్మ తల్లి పక్క ఊళ్లో మంచాన పడి కూతురి కోసం కలవరిస్తోంది. దాలమ్మ తలుపు గుంజింది.

"కొంచెం ఓపిక పట్టండి," అంది తలుపు తియ్యగా.

"నీ నోట్లో మన్ను!" అని తిట్టి, పెరట్లోకి వెళ్లి కణుపులు మళ్లీ లెక్కపెట్టింది.

"నాలుగున్నాయి మావా. కట్టీసి పోతాను."

"ఐదోది రానీ అమ్మీ," అన్నాడు మామ బండన్న నారపోగు తడుపుతూ. "ముందరైతే ఇరిగిపోద్ది. ఆలీసమైతే మొండికేస్తాది. ఐదో కణుపు కాడ మొదలెట్టి రోజుకింత వంచితే మొక్కకే తెలవదు."

"అందాకా మాయమ్మ ఉంటాదా?"

బండన్న తల ఎత్తలేదు. "ఏటి సేస్తాం? మొదట్లో కంపినీవోళ్లు కోతలప్పుడే తలుపేసీవోరు. తరవాత పూతకీ ఏసేరు. ఇప్పుడు నాటిన కాణ్ణుంచీ ఏస్తన్నారు. అలవాటైపోనాది గదా."

దాలమ్మ అతని చేతిలోని నారపోగు వంక చూసింది.

"మనకెన్నో కణుపు కాడ మొదలెట్టేరు మావా?"