దేవేందర్ దోమల డబ్బా

“లేజర్ గీజర్ నేనొప్పుకోను తమ్మీ. పసిపిల్ల కంట్ల పడితే ఎవరిది జిమ్మెదారి?” అన్నాడు డాక్టర్ భూపాల్, చెప్పులు కూడా విప్పకుండా వాకిట్లోనే నిలబడి.

ఎల్లారెడ్డిలో అత్తగారింటికి వెళ్తూ ఆగాడాయన. ఆగాడనడం కంటే దేవేందర్ అడ్డం పడి ఆపాడనడం న్యాయం. దేవేందర్ చెల్లెలు ప్రవళిక బిడ్డ నెలలు నిండకుండా పుట్టి, ఈ డాక్టర్ చేతుల మీదే కామారెడ్డి దవాఖానాలో బతికి గట్టెక్కింది. రేపు ఇంటికి పంపాలా వద్దా అన్నది ఆయన చేతిలో ఉంది. పిల్ల ఊపిరితిత్తులు ఇంకా గట్టిపడలేదు. ఇంట్లో సాంబ్రాణి పొగ, దోమల చక్రం, మందు వాసన ఏదీ తగలకూడదన్నాడు. దోమ కూడా కుట్టకూడదన్నాడు! వీధిలో అప్పటికే ఇద్దరికి డెంగీ. దోమతెర ఉంది గానీ, పాలకని బిడ్డను బయటికి తీసిన ప్రతిసారీ దోమలు ముందుగా అందులో దూరి కూర్చుంటాయి.

అందుకని దేవేందర్ ఈ డబ్బా చేశాడు. సీసీ కెమెరాలు బిగించే మనిషి. ఒక పాత కెమెరా, చిటికెనవేలంత లేజర్, నాలుగు తీగలు. నెల రోజులు తిండీ తిప్పలూ మరిచి కూర్చున్నాడు. ఏం బుర్రండీ అతనిది!

“సార్, మనిషి మొఖం ఎదురుంగ వస్తే సాలు, లేజర్ తనంతట తనే బంద్ అయితది. మొఖం పక్కకు పోతెనే మల్ల షురువైతది.”

“ఆ ముచ్చట ఎట్ల నమ్మాలె? ఎవరి కన్ను పెట్టి చూపిస్తవ్?”

“నా కన్నే పెడ్త సార్.”

“పిచ్చి మాటలు మాట్లాడకు. పోయిన కన్ను నేను తెచ్చియ్యలేను. ముందుగాల అది దోమలనన్న కొడ్తదో లేదో సూపియ్.”

దేవేందర్ డబ్బాను గదిలో ఉయ్యాల పక్కన స్టూలు మీద పెట్టి, బయటికొచ్చి తలుపు దగ్గరికి వేశాడు. సంధ్యవేళ, దోమలు లేచే సమయం. ఒక దోమ పడితే ఒక టిక్కు. ఎన్ని పడ్డాయో ఫోన్‌లో అంకె కనిపిస్తుంది. అరుగు మీద బీడీలు చుడుతున్న ఆడవాళ్లంతా కత్తెరలు పక్కన పెట్టి చెవులు రిక్కించారు.

టిక్.

టిక్. టిక్.

“ఓయమ్మో, సస్తున్నయే!” అంది పక్కింటి నాగవ్వ.

“రెక్కల ఊపు సూసి గుర్తువడ్తది చిన్నమ్మా. కుట్టేది ఆడదోమనే గద, దాన్నే కొడ్తది. మొగదోమ జోలికి పోదు.”

“ఆఁ! ఆడోళ్లను సంపి మొగోళ్లను ఇడిసిపెడ్తదా? మొగోడు జేసిన మిషనాయె, ఇంకెట్లుంటది!”

అరుగంతా ఒకటే నవ్వులు. డాక్టర్‌కూ నవ్వాగలేదు. దేవేందర్ నాయనమ్మ ఈరవ్వ ఒక్కతే నవ్వలేదు.

“నిజంగ లేజరేనా బిడ్డా?” అని అడిగింది.

“అసలు సిసలు లేజర్ అవ్వా!” అన్నాడు దేవేందర్.

“అట్లనా. సారుకు చాయ పెట్టుకొస్త,” అంటూ ఆమె ఒళ్లోని చాట దించి వంటింటి వైపు వెళ్లింది.

ఇరవై. ముప్పై. నలభై ఒకటి. డాక్టర్ ఫోన్ తన చేతిలోకి తీసుకున్నాడు. “శెభాష్ తమ్మీ! నా వార్డుల గూడ ఇసొంటిది లేదు,” అన్నాడు. దేవేందర్ ముఖం చూడాలి అప్పుడు, పెళ్లికొడుకు కూడా అంత వెలిగిపోడు.

సరిగ్గా అప్పుడే టిక్కులు ఆగిపోయాయి.

నిమిషం గడిచింది. రెండు గడిచాయి. అంకె నలభై ఒకటి దగ్గరే ఉంది. కరెంటు చూస్తే ఉంది. లోపల దోమల రొద సన్నగా వినిపిస్తూనే ఉంది. దేవేందర్ తలుపు మీద చెయ్యి వేశాడు.

“తియ్యకు,” అన్నాడు డాక్టర్. “రేపు పిల్ల పక్కన పొద్దంత నువ్వు కావలి కూసుంటవా? దానంతటదే నడవాలె.”

ఐదు నిమిషాలు. పది. “నా దిష్టే తాకింది, నా నోరు పాడుగాను!” అని నాగవ్వ లెంపలేసుకుంది. పావుగంట చూసి డాక్టర్ ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

“మంచిగనే చేసినవ్, కాదనను. కానీ గిట్ల మధ్యల మొరాయించేదాన్ని నమ్మి పిల్లనెట్ల పంపుత? ఇంకో నెల తల్లీబిడ్డలను దవాఖానలనే ఉండనీ.”

దేవేందర్ ఫోన్ జేబులో వేసుకున్నాడు. మేనకోడలి కోసం కొన్న గిలక్కాయ జేబులోనే ఉంది పాపం. అరుగు మీద ఒక్కరూ మళ్లీ కత్తెర పట్టలేదు.

డాక్టర్ కారు తలుపు తీశాడో లేదో, ఇక్కడ గది తలుపు లోపలి నుంచి ధడాలున తెరుచుకుంది. చూస్తే ఈరవ్వ! వంటింటి తలుపులోంచి ఎప్పుడు దూరిందో ఏమో. ఆమె గడప దాటి ఇవతలికి వచ్చిందో లేదో, వెనక గదిలో టిక్, టిక్, టిక్ మళ్లీ మొదలైంది. డాక్టర్ అక్కడే ఆగిపోయాడు.

ఈరవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ మనవడి మీద విరుచుకుపడింది. “ఏం మిషన్ జేసినవ్‌రా దేవేందరూ! లేజర్‌తోని కండ్ల పొర తీస్తరంటరు గదాని పావుగంట సంది రెండు కండ్లు ఇంతింత తెర్సుకోని దాని అద్దానికి ఆనిచ్చి కూసుంటే, ఒక్కపారన్న మెరువకపాయె!”