మూడో స్థానం

"లారీలు తిరిగే రోడ్డు మీద పందెమేందిరా? పొద్దున్నించి నాకు కుడికన్ను అదరతా ఉండాది."

ఇలాంటి మాటొకటి అనకుండా మాలకొండమ్మ కొడుకును ఏనాడూ గడప దాటనివ్వలేదు. మాధవ్ వినీ విననట్టు పాత సైకిల్‌కు గాలి కొట్టుకుంటున్నాడు. పక్కింటి హర్ష తన కొత్త గేర్ల సైకిల్ దిగకుండానే, ఒక కాలు నేలకానించి నవ్వాడు.

"లారీలే పక్కకు జరగతాయిలే అత్తా, నీ నోటికి భయపడి!"

"నోరు ముయ్‌రా. ఇద్దరూ జతగా పోండి, జతగా రాండి."

కొడుకు ఫోన్‌ను సైకిల్ సంచిలో తానే పెట్టింది. హ్యాండిళ్ళకు నంబరు అట్టలు కట్టుకుని ఇద్దరూ వెళ్ళిపోయారు. ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా పందెం.

పొద్దెక్కాక పందెం పెట్టిన చైతన్య ఆత్మకూరు నుంచి ఫోన్ చేశాడు. బద్వేలు రోడ్డు కలిసే మలుపులో పన్నెండో నంబరు సైకిల్‌ను లారీ తొక్కేసింది. పిల్లవాడు అక్కడికక్కడే పోయాడు. ముఖం చూసి గుర్తుపట్టేట్టు లేదు. పన్నెండంటే హర్ష.

"మా వాడు?" అంది మాలకొండమ్మ.

"మాధవ్‌కు మూడో స్థానమమ్మా. గీత దాటినాడు."

ఆమె గుండెల నిండా ఊపిరి తీసుకుంది. వెంటనే ఆ ఊపిరికి తానే సిగ్గుపడి పక్కింటికి పరిగెత్తింది.

హర్ష తల్లి సుధారాణి నేలమీద పడి దొర్లుతోంది. "తప్పు చెప్పుంటారు వదినా! మళ్ళీ చూడమను. వాడు నా కొడుకు కాదు!"

"నంబరు చూసే చెప్పినారంట వదినా. తప్పెట్టవుతాది?" అంటూ మాలకొండమ్మ ఆమె తలను ఒళ్ళోకి తీసుకుంది.

సుధారాణి ఆ చేతిని విదిలించి కొట్టింది. "దినామూ ఏమవతాదో, ఏమవతాదో అని ఏడ్చింది నువ్వు. పోయింది నా కొడుకా? పో, పోయి నీ కొడుక్కి దిష్టి తీసుకోపో!"

మాలకొండమ్మకు ఇన్నేళ్ళూ తాను పెంచుకున్న భయం దారి తప్పి పక్కింటి గడప తొక్కిందేమో అనిపించింది.

పెరట్లోకి వెళ్ళి కొడుక్కి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఇంకో రోజైతే ఈపాటికి శోకాలు పెట్టేది. ఇవాళ మాత్రం భయం వేయలేదు. స్నేహితుడి కోసం ఏ మూలో కూర్చుని ఏడుస్తుంటాడు, పిచ్చి నాయన.

చివరికి ఫోన్ ఎత్తారు. మాట లేదు. ఊపిరి వినిపిస్తోంది, అంతే.

"ఏడవబాకరా. నువ్వు మూడోవాడివి వచ్చినావంట గదా, అది చాలు. ఇంటికి రా నాయనా. హర్ష వాళ్ళమ్మను నేను చూసుకుంటాలే."

అవతల గొంతు పెగిలింది.

"అత్తా... నేను హర్షను. పందెం మొదలయ్యేటప్పుడు సైకిళ్ళు మార్చుకున్నాము."