వెంట్రుకవాసి

"పెద్దవాళ్ళు లోపలికి రాకూడదటమ్మా. నేనిక్కడే కిటికీ కింద నిలబడతా. కంగారుపడకు," అన్నాడు నన్నే సాహెబ్, కూతురి చేతికి వయొలిన్ పెట్టె అందిస్తూ.

ఫరహత్ పెట్టె అందుకోలేదు.

"సెలెక్ట్ కాకపోతే నాన్నా?"

"ఎందుకు కావు?"

"కాకపోతే?"

"చెప్పాగా. కాకపోతే ఇంక ఫిడేలు మాటెత్తను. ఆ గుంటూరు పాలిటెక్నిక్‌లోనే చేరుదువుగాని. సెలెక్టయితే మాత్రం నాలుగేళ్ళు మద్రాసులో, గురువుగారింట్లో ఉండాలి. అప్పుడు వెళ్ళనని పేచీ పెట్టకూడదు."

"పెట్టను."

"ఇరవై ఏళ్ళుగా పెళ్ళిళ్ళలో సన్నాయి వాయిస్తున్నా తల్లీ. మూడు ముళ్ళు పడేదాకానే మనతో పని. తర్వాత మనవైపు చూసేవాడుండడు. నువ్వట్లా కాదు. స్టేజీ మధ్యలో కూర్చోవాలి. జనం నీకోసమే రావాలి."

ఈ మాట ఆమె ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు. పెట్టె తీసుకుని మెట్లెక్కింది.

పటమటలో ఒక స్కూలు మేడమీద గది అది. సంగీతసభవాళ్ళు ఏటా ఒక్కరిని ఎంచి మద్రాసు పంపిస్తారు. ఎంపిక చేసేది సంపూర్ణమ్మగారు. ఊళ్ళో వయొలిన్‌కి ఆవిడే పెద్దదిక్కు.

"మోహన రాగంలో వర్ణం వాయించమ్మా," అన్నారావిడ.

ఫరహత్ నేలమీద కూర్చుని వయొలిన్ భుజానికి ఆనించుకుంది. తొమ్మిదేళ్ళుగా తెల్లారి నాలుగింటికి ఇలాగే కూర్చుంటోంది. వేళ్ళు పాడవుతాయని నాన్న కూరగాయలు తరగనివ్వలేదు, సైకిలెక్కనివ్వలేదు. పదో తరగతి పరీక్షల్లో కూడా బయట గడియపెట్టి సాధన చేయించాడు. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ కోర్సుకి సీటొచ్చింది. చేరడానికి సోమవారం ఆఖరు.

మొత్తం చెడగొడితే కావాలనే చేసిందని తెలిసిపోతుంది. అందుకని ఒక్క గాంధారాన్నే ఎంచుకుంది. ఆ స్వరం వచ్చిన ప్రతిసారీ వేలు వెంట్రుకవాసి వెనక్కి పెట్టాలి. వినేవాళ్ళకి పంటికింద రాయిలా తగలాలి, అంతే.

అనుకున్నంత తేలిక కాలేదు. వేలు దానంతటదే అసలు చోటికి జారిపోతోంది. పట్టి ఆపాల్సి వస్తోంది. ఇన్నాళ్ళూ తప్పు వాయిస్తానేమోనని భయం. ఇవాళ ఎక్కడ సరిగ్గా వాయించేస్తానోనని చెమటలు పోశాయి.

"ఆగమ్మా." సంపూర్ణమ్మగారు చెయ్యెత్తారు. "గాంధారం తగ్గుతోంది. నీకు తెలియడం లేదూ?"

"లేదండీ."

"బెదిరిపోయినట్టున్నావు. మంచినీళ్ళు తాగు. పర్వాలేదు, తొందరేం లేదు. మళ్ళీ మొదట్నుంచి వాయించు."

ఆ గొంతులో దయకి ఫరహత్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈవిడ ముందు ఒక్కసారి, ఒకే ఒక్కసారి సరిగ్గా వాయించాలనిపించింది. కమాను తీగమీద పెట్టి కళ్ళు మూసుకుంది. గాంధారం రాగానే వేలు వెనక్కి లాక్కుంది. చివరిదాకా లాక్కుంటూనే ఉంది.

సంపూర్ణమ్మగారు కలం తీసుకున్నారు.

"చెయ్యి ఎంతో బాగుందమ్మా. శ్రుతి పట్టే చెవే లేదు. అది ఎవరూ నేర్పలేరు. నా మాట విని హాయిగా చదువుకో," అని కాగితం మీద ఆమె పేరు కొట్టేశారు.

చెవి లేదన్న మాట ఎక్కడో కలుక్కుమంది. అయినా మెట్లు దిగుతుంటే కాళ్ళు తేలిపోతున్నాయి.

"కాలేదు నాన్నా," అంది కిందికొచ్చి.

నన్నే సాహెబ్ పెట్టె అందుకుని భుజాన వేసుకున్నాడు. బస్టాపు దగ్గర ఆమెకి చెరకురసం ఇప్పించాడు, తను తాగలేదు. భవానీపురం బస్సొస్తే ఎక్కి కూర్చున్నారు. బందరు రోడ్డంతా ఆయన పెట్టెని ఒళ్ళోనే పట్టుకున్నాడు. కోప్పడితే బాగుండుననిపించింది ఫరహత్‌కి.

కొండ మలుపు తిరిగి కృష్ణ కనిపించేసరికి ధైర్యం చేసింది.

"నాన్నా, సోమవారం గుంటూరు వెళ్ళాలి. సర్టిఫికెట్లన్నీ తీసి పెట్టుకుంటా."

తిరిగి చూస్తే ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఊరుకో నాన్నా. నాకు చెవి లేదని ఆవిడే చెప్పింది. నువ్వేం చేస్తావు? నీ తప్పేముంది?"

ఆయన ఆమె ఎడమచెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, కాయలు కాచిన వేళ్ళ కొసలు నెమ్మదిగా నిమిరాడు.

"కిటికీ కింద నిలబడి అంతా విన్నా తల్లీ. రెండుసార్లూ విన్నా. వాయించిన ప్రతి గాంధారమూ తగ్గింది. అన్నీ ఒక్కలాగే తగ్గాయి. వెంట్రుకవాసి. ఎక్కడా అంతకి మించలేదు, అంతకి తగ్గలేదు. చెవి లేనివాళ్ళ వల్ల అయ్యే పనా అది? జన్మంతా వాయించినా నావల్ల కాదు."

ఫరహత్ చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. ఆయన పట్టు సడలలేదు.

"నీకు విద్య పట్టుబడిందో లేదోనని ఇన్నాళ్ళూ నాకే అనుమానంగా ఉండేదమ్మా. అందుకే కాకపోతే వదిలేద్దామనుకున్నా," అన్నాడు నన్నే సాహెబ్, తడికళ్ళతోనే నవ్వుతూ. "ఇంక నిన్నెట్లా వదిలేది?"