ఎడమవైపు లాభం లేదు

“లాభం లేదయ్యా, గోపీ! ఎడమవైపు అసలు లాభమే లేదు!”

అవనిగడ్డ నుంచి ఫోన్లో ఈశ్వరప్రసాద్ గారు పెట్టిన కేకకి, బందరు కంప్యూటర్ షాపులో ఉన్న గోపీనాథ్ చెవి గింగురుమంది. నిన్న సాయంత్రమే వెళ్ళి, ఆయన ధాన్యం కొట్టు పక్క గదిలో కొత్తగా పెడుతున్న గేమ్ సెంటరుకి కంప్యూటర్ బిగించి వచ్చాడు. మూడు మానిటర్లు పక్కపక్కన పెట్టి, మూడూ కలిపి ఒకే తెరగా చేశాడు. కారు పందెం పెడితే రోడ్డు ఆ చివర నుంచి ఈ చివరిదాకా పరుచుకుంది. ఇవాళ పదకొండింటికి ప్రారంభం.

“కంగారు పడకండి. నేను చూపించాను చూడండి, ఐడెంటిఫై అని, ఆ బటన్ నొక్కండి. తెరల మీద పెద్ద పెద్ద అంకెలు పడతాయి.”

“నొక్కాను.”

“పడ్డాయా?”

“పడ్డాయి. కానీ లాభం లేదు.”

“ఇంకోసారి నొక్కండి.”

“పదిసార్లు నొక్కాను. లాభం లేదంటుంటే వినవేం?”

అంకెలు పడ్డాయంటాడు, లాభం లేదంటాడు! గోపీనాథ్‌కి ఒళ్ళు మండింది.

“పోనీ, కుడివైపు చూడండి.”

“కుడివైపు లాభం ఎందుకుంటుందయ్యా? మతి ఉండే మాట్లాడుతున్నావా?”

చూడకుండానే తేల్చేశాడు పెద్దమనిషి!

“అది కాదండీ, వెనకాల వైర్లు ఒక్కసారి...”

“వైర్లూ గీర్లూ నేను ముట్టుకోను. ముహూర్తం లోపల నాకు లాభం కనపడాలి. లేదా, సరుకంతా మీ షాపుకే తోలేస్తాను!” అని ఫోను పెట్టేశారు.

పక్కనే అంతా వింటున్న షాపు యజమాని ప్రకాశరావు తల కూడా ఎత్తలేదు. “ఆ మిషను వెనక్కి వచ్చిందంటే, దాన్ని దింపి నువ్వు ఇంటికెళ్ళిపో. రేపట్నుంచి రావక్కర్లేదు,” అన్నాడు.

దొరికిన బస్సెక్కి చల్లపల్లి దాకా నిలబడే వెళ్ళాడు గోపీనాథ్. తన తప్పేముంది? నిన్న చక్కగా ఆడించి, చూపించి మరీ వచ్చాడే! నలభై ఏళ్ళు కళ్ళాల్లో ధాన్యం కొలిపించిన మనిషైతే మాత్రం, ప్రతిదానికీ లాభమేనా? ఇంకా ఒక్కడైనా వచ్చి ఆడకుండానే లాభం రావాలా? దేవుడికి కొబ్బరికాయ కొట్టి మొదలెట్టేవాళ్ళు, నోటితో మాత్రం లేదు లేదు అంటూ కూర్చుంటే, పాపం ఆ దేవుడు ఏం చేస్తాడు? మోపిదేవి దగ్గర కిటికీలోంచి సుబ్రహ్మణ్యస్వామికి దండం పెట్టుకున్నా కోపం దిగలేదు.

పదీ నలభైకి గదిలో అడుగుపెట్టాడు. నడిమి తెరా కుడి తెరా వెలుగుతున్నాయి. ఎడమది నల్లగా ఉంది. వంగి చూస్తే, వెనకాల వైరు ఊడి వేలాడుతోంది. ఊడ్చేటప్పుడు చీపురు తగిలినట్టుంది. గుచ్చి, రెండు మరలూ బిగించాడు. అరనిమిషం పట్టలేదు.

“ఎడమది వెలగట్లేదని ఒక్క ముక్క చెబితే ఫోన్లోనే అయిపోయేదిగా!” అని విరుచుకుపడ్డాడు. “దీనికోసం బందరు నుంచి రావాలా? నా ఉద్యోగం ఊడేదండీ! పొద్దుట్నుంచీ లాభం లేదు, లాభం లేదు అని ఒకటే గోల. మంచిరోజు పూట ఎవరైనా ఆ మాటంటారా?”

ఈశ్వరప్రసాద్ గారికీ కోపం వచ్చింది. “చెప్పలేదా నేను? ఏది లేదో చెప్పాను, ఏ పక్కనో కూడా చెప్పాను. మంచిరోజు పూట అంతకంటే ఎలా చెబుతారయ్యా?”

“మీకో దండం. ఇదిగో, కళ్ళారా చూసుకోండి.” గోపీనాథ్ బటన్ నొక్కి పట్టుకున్నాడు. మూడు తెరల మీదా అంకెలు వెలిగాయి.

ఆయన ముఖం విప్పారింది. కుంకుమ భరిణె తెచ్చి, 1 అంకె వెలుగుతున్న ఎడమ తెరకి ముందుగా బొట్టు పెట్టి, కళ్ళంలో తొలి కుంచం పోయించేటప్పటిలాగే గొంతెత్తి వరసగా లెక్క పెట్టారు:

“లాభం... రెండు... మూడు!”