ఒకేలా ఉన్న ఫొటోలు

“టైవో ఉన్నాడు. కెహిండే ఏడిరా?” అని అడిగింది ఇయా ఇబేజీ.

వాసియు కంప్యూటర్ తెర వైపు చూశాడు. అప్పటిదాకా వెలిగిపోతున్న అతని ముఖం కాస్తా పాలిపోయింది.

ఇబాదాన్ నగరంలోని డుగ్బే బజారులో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. ఇయా ఇబేజీ అంటే కవలల తల్లి; టైవో, కెహిండే ఆ కవలలు. తన కంప్యూటర్ షాపు ముందు నుంచి ఆమె వెళ్లినప్పుడల్లా వాసియు కూడా అలాగే పిలిచి దండం పెట్టేవాడు. వారం రోజులుగా ఆమె ఫొటోలే సర్దుతున్నాడు. అయినా కవలల సంగతి ఒక్కసారీ బుర్రకు తట్టలేదు.

క్రితం సోమవారం ఆమె పాత ల్యాప్‌టాప్ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇంటి కప్పు కారి ఆల్బమ్‌లు పూర్తిగా పాడయ్యేలోపు ఎవరో వాటిని స్కాన్ చేసి అందులో పెట్టారట.

“ఇది ఇవాళో రేపో పోయేలా ఉంది. నా ఫొటోలు భద్రంగా ఉండే పెట్టె ఒకటి ఇప్పించు నాయనా. తర్వాత దీన్ని తుడిచేసి ఎవరికైనా అమ్మెయ్” అంది.

వాసియు మూడు హార్డ్‌డిస్కులు తీసి పరిచాడు. ఆమె ఒక్కోదాన్ని టమాటాలు బేరం చేసినట్టు చేత్తో తూచి చూసింది.

“బరువుది గట్టిదేమో కదా?”

“అందులో లోపల చక్రం తిరుగుతుందమ్మా. చెయ్యి జారిందంటే అంతే సంగతులు. ఈ చిన్నదానిలో తిరిగేదేమీ లేదు.”

“చోటు చాలుతుందా?”

“మీ పేటలో వాళ్లందరి ఫొటోలూ పడతాయి.”

ఆమె చిన్నదే తీసుకుంది. వాసియు దాన్ని కంప్యూటర్‌కు తగిలించి ఫార్మాట్ చేసి, పేరు పెట్టమని అది అడిగితే ‘ఇబేజీ’ అని తన వేళ్లతోనే కొట్టాడు. ఫొటోలన్నీ ఎక్కేసరికి మధ్యాహ్నమైంది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. పనితనం చూపించుకోవాలన్న దురద కొద్దీ, ఒకేలా ఉన్న ఫొటోలను ఏరిపారేసే సాఫ్ట్‌వేర్ ఒకటి నడిపాడు.

ఒకే పిల్లాడు, ఒకే చొక్కా, వెనక అదే తెర. మొదటి పుట్టినరోజు నుంచి పోయిన ఏటి దాకా ఏ ఏడాది చూసినా రెండేసి ఉన్నాయి. ఎందుకైనా మంచిదని ఫొటోగ్రాఫర్లు రెండు నొక్కుతారు కదా అనుకున్నాడు. ప్రతి జతలో మొదటిది ఉంచి రెండోది తీసేశాడు. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు. ల్యాప్‌టాప్ తుడిచి, మర్నాడే అమ్మేశాడు.

ఇప్పుడు ఆమె అడిగేసరికి జరిగినదంతా చెప్పేశాడు. చెప్పి, షాపు నేల మీద ఆమె కాళ్ల ముందు బోర్లా పడ్డాడు.

ఎదురు కొట్లో ఫోన్ కవర్లు అమ్మే సికీరు అంతా వింటూనే ఉన్నాడు.

“నోరారా కవలల తల్లీ అని పిలుస్తావు, వాళ్లు ఇద్దరుంటారని తెలీదా? కంప్యూటర్‌కు ఎలాగూ తెలివి లేదు, నీకేమైందిరా?” అన్నాడు.

ఇద్దర్నీ కలిపి ఒక్క ఫొటో అయినా తీయించి ఉంటే నాకు తెలిసేది కదా అన్న మాట వాసియు నోటిదాకా వచ్చింది. తప్పు తాను చేసి ఆమె మీదికి తోస్తున్నందుకు మరింత సిగ్గేసి, మింగేశాడు.

ఇయా ఇబేజీ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అతని కోసం వండి తెచ్చిన అలసందల గిన్నె బల్ల మీద పెట్టి, “లే. చల్లారిపోకముందే తిను” అని వెళ్లిపోయింది. ఆ గిన్నె మూత తీయడానికి అతనికి చెయ్యి రాలేదు.

రెండు రోజులు షాపు తెరిచీ ఒక్క బేరం చూడలేదు. పోయినవాటిని రప్పించే సాఫ్ట్‌వేర్లన్నీ నడిపి చూశాడు. తానే ఏరి ఇచ్చిన ఆ చిన్న డిస్కులో చెరిపేసింది తిరిగి రావడం దాదాపు కల్ల. అతనికి తెలియని సంగతి కాదు. అమ్మేటప్పుడు చెప్పలేదు, అంతే.

మూడో రోజు తల వంచుకుని ఆమె బట్టల కొట్టుకు వెళ్లాడు.

“పోయిన ఏళ్లను నేను తేలేనమ్మా. ఇక నుంచి ప్రతి ఏడూ నేనే తీస్తాను. డబ్బులేమీ తీసుకోను. మీ అబ్బాయిలను ఒకసారి పంపించండి.”

ఆమె చేతిలోని నీలం గుడ్డ మడత పూర్తి చేసి పక్కన పెట్టింది.

“శనివారం వస్తాం. రెండు కుర్చీలు వెయ్యి” అంది.

శనివారం వాసియు షాపు ఊడ్చి, వెనక తెర కట్టి, పక్కపక్కన రెండు కుర్చీలు వేశాడు. తల్లి వెంట టైవో ఒక్కడే వచ్చాడు. పొడుగ్గా, నెమ్మదిగా ఉన్నాడు. ఆ కుర్రాడి ముఖంలోకి సూటిగా చూడలేకపోయాడు వాసియు. నీ తోబుట్టువును నేనే చెరిపేశానయ్యా అని చెప్పుకోవాలనిపించింది గానీ కెమెరా సర్దుకుంటూ ఉండిపోయాడు.

టైవో ఎడమ కుర్చీలో కూర్చున్నాడు. వాసియు ఒక ఫొటో తీశాడు. బాగా వచ్చింది.

వాసియు వీధి వైపు తొంగి చూశాడు. ఎవరూ రావడం లేదు. తన మీద కోపంతోనే రాలేదేమో అనిపించింది.

“కెహిండే వచ్చేదాకా ఆగుదామా అమ్మా?” అని గొణిగాడు.

టైవో లేచి రెండో కుర్చీలోకి మారాడు, ఇయా ఇబేజీ వాడి కాలరు సర్ది పక్కకు జరుగుతూ, “ఇదిగో, ఇప్పుడు కెహిండేని తియ్యి నాయనా, పుట్టిన నలభై రోజులకే పోయిన పిల్లాడు ఇలా కాకపోతే ఎలా పెరుగుతాడు?” అంది.