లాజిక్కుకి ఒక్కరు

లాజిక్కు లెక్చరరు అనంతపద్మనాభం తెల్లారకముందే లేచి, విద్యార్థిగారి స్నానానికి నీళ్ళు కాచాడు.

నవ్వకండి. ఆ ఏడు శ్రీకాకుళంలో పి.యు.సి.లో చేరిన కుర్రాళ్ళంతా సైన్సుకే ఎగబడ్డారు. గరివిడి ఫ్యాక్టరీలో సైన్సు వాళ్ళకి పిలిచి ఉద్యోగాలిస్తున్నారని ఎవడో పుకారు పుట్టించాడు. లాజిక్కు వైపు ఈగ కూడా వాలలేదు. క్లాసులు తెరిచిన రోజు మొదటి గంటకి బెంచీ మీద ఒక్క విద్యార్థయినా కనపడకపోతే సెక్షను ఎత్తేస్తానని ప్రిన్సిపాలు నరసింగరావు తేల్చి చెప్పాడు. సెక్షనుతోపాటు అనంతపద్మనాభం ఉద్యోగమూ ఎగిరిపోతుంది. పాపం, లాజిక్కు చదివినవాడికి లాజిక్కు చెప్పుకోవడం తప్ప ఇంకో పని రాదు.

భార్య లక్ష్మీకామేశ్వరి తనే చేరతానంది. కానీ ఆవిడ చదువు ఫోర్తు ఫారంతో ఆగిపోయింది. ఆఖరికి ఆవిడే బొబ్బిలి కబురు పెట్టి, ఈ విద్యార్థిగారిని రప్పించింది. ఎస్సెల్సీ ఎప్పుడో ప్యాసై, ఆ తర్వాత బడి గడప తొక్కని మనిషి. సర్టిఫికెట్టు మాత్రం పెట్టె అడుగున భద్రంగా ఉంది. ఉద్యోగం నిలబెట్టేవాళ్ళని గారు అనక చస్తామా!

విద్యార్థిగారు ముందురోజు బస్సు దిగారు. పెట్టె అనంతపద్మనాభమే మోశాడు. ఇంత చేసినా ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు. మరచెంబుతో నీళ్ళూ, మూటలో అటుకులూ తెచ్చుకున్నారు.

"క్లాసులో నోరు జారారో, మీ సంగతి చెప్తాను," అంది లక్ష్మీకామేశ్వరి వీధి గుమ్మంలో. "మాట పడే మనిషి కాదు. తిన్నగా వెళ్ళి బస్సెక్కేస్తారు. మళ్ళీ ఈ గుమ్మం తొక్కరు."

విద్యార్థిగారు రిక్షాలోనూ, లెక్చరరు దాని పక్కన కాలినడకనా కాలేజీకి చేరారు.

గంట కొట్టారు. విద్యార్థిగారు గదిలోకి రాగానే అనంతపద్మనాభం కుర్చీలోంచి దిగ్గున లేచి నిలబడ్డాడు. అటెండరు సూరయ్య నోరు తెరిచాడు.

"ఇదేటి బాబూ! ఇద్యార్తి వస్తే మేస్టారు లెగుస్తారేటి?"

"నువ్వూరుకో సూరయ్యా."

విద్యార్థిగారు చివరి బెంచీలో గోడవైపు తిరిగి కూర్చున్నారు. లెక్చరరు మొహం చూడనేలేదు.

అంతలో ప్రిన్సిపాలు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చాలాకాలం హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి వచ్చినవాడు. బెత్తం అక్కడే వదిలేశాడు గానీ, చెయ్యి ఇంకా ఊగుతూనే ఉంటుంది.

"రోల్ నంబర్ వన్," అన్నాడు అనంతపద్మనాభం పీలగా.

"ఉన్నానండీ," అని గోడకి చెప్పారు విద్యార్థిగారు.

ప్రిన్సిపాలు కళ్ళద్దాలు సవరించుకుని చివరి బెంచీకేసి చాలాసేపు చూశాడు.

"సరే. పాఠం చెప్పు. చూస్తాను."

"మనుషులందరూ చనిపోతారు. సోములు మనిషి. కనక..." నువ్వు చెప్పు అనాలి. నోరు రాలేదు. "కనక... జవాబు సెలవివ్వాలి."

"పొద్దున్నే ఏవిటా అపశకునపు మాటలు?" అన్నారు విద్యార్థిగారు. "ఆ సోములు మీకేం అపకారం చేశాడు?"

"ఇది లాజిక్కండీ. ఊరికే అనుకోడానికి."

"అనుకోడానికే అయితే నూరేళ్ళు బతికాడని అనుకోండి. ఒకరి చావు నా నోట రాదు."

"నిజివే బాబూ," అన్నాడు సూరయ్య. "మా బావ పేరు సోములే."

ప్రిన్సిపాలు మొహం కందగడ్డయింది.

"అనంతపద్మనాభం! నువ్వు విద్యార్థికి పాఠం చెప్పడమా, విద్యార్థి నీకు చెప్పడమా? దారినపోయేవాళ్ళని తెచ్చి కూర్చోబెడితే క్లాసైపోతుందా? నా కాలేజీలో విద్యార్థంటే విద్యార్థే. ఎదురు చెప్తే బెంచీ ఎక్కాల్సిందే. ఎక్కించు! నీవల్ల కాదంటే ఇది క్లాసూ కాదు, నువ్వు లెక్చరరువీ కాదు. సూరయ్యా, తాళం పట్రా!"

అనంతపద్మనాభం లెక్క వేసుకున్నాడు. ఎక్కమంటే బొబ్బిలి బస్సు. ఎక్కమనకపోతే తాళం. చదివిన లాజిక్కంతా తిరగేసినా మూడో దారి కనపడలేదు. ఇంటి దగ్గర పెళ్ళాం మొహం గుర్తొచ్చి ఏడుపొక్కటే తక్కువ. చేతిలో సుద్దముక్క నలిగి పొడయిపోయింది.

సూరయ్య తాళంకప్ప తెచ్చాడు.

అనంతపద్మనాభం కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. రెండు చేతులూ జోడించాడు.

"బెంచీ ఎక్కు," అన్నాడు.

విద్యార్థిగారు గోడమీంచి చూపు తిప్పి, మొట్టమొదటిసారిగా లెక్చరరు మొహంలోకి సూటిగా చూశారు.

తర్వాత మారుమాటాడకుండా కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని బెంచీ ఎక్కారు, అతనికి పిల్లనిచ్చిన అత్తగారు.